తొమ్మిదో కుర్చీ

బొలొన్యా, 1694 ఫిబ్రవరి 9

ఎర్కొలెకి,

నీ ఉత్తరం చేరింది. కులాసాగా ఉన్నావని చెప్పడానికి నాలుగు పేజీలు తీసుకున్నావు, ఒక్క ముక్క చాలేది. నా మోకాలు ఎలా ఉందో నువ్వు అడగలేదు, నేనూ చెప్పను.

లూగోలో సన్యాసినుల చర్చి పైకప్పు మొత్తం నీకు అప్పగించారా? ఎవరు, ఏం చూసి? పాతికేళ్లుగా దేవదూతల బుగ్గలూ పిర్రలూ తప్ప నువ్వు మరోటి వేసి ఎరగవు. మా ఆయన బల్దస్సారె కప్పు మీద రంగులతో మేడలూ స్తంభాలూ లేపేవాడు, మధ్యలో మిగిలిన ఖాళీల్లో నువ్వు మబ్బులు నింపేవాడివి. ఆయన పోయి ఐదేళ్లయింది కదా, ఇక స్తంభాలూ నేనే వేస్తానని బయల్దేరావు. ఒప్పుకునే ముందు నన్నొక మాట అడగాలని తోచలేదు. ఒప్పుకున్నాక మాత్రం "అక్కా, గీతలు నువ్వు గీసి పంపితే రంగులు నేను వేసుకుంటాను" అని రాశావు. సిగ్గుపడుతూ రాసినట్టు కూడా లేదు.

గీసి పంపుతాను. బల్దస్సారె పేరు మీద వెళ్లిన గీతలన్నీ ఎవరి చేతివో నీకు తెలుసు. ఈసారి నీ పేరు మీద వెళ్తాయి. అందులో నాకు కొత్త బాధేమీ లేదు.

అసలు సంగతి నువ్వు మరిచిపోయి ఉంటావు కాబట్టి మొదటి నుంచి చెబుతాను. కప్పు మీద స్తంభం నిలబడాలంటే కింద చూసే మనిషి కన్ను ఎక్కడుందో ముందు తేల్చుకోవాలి. ఆ కంటికి సరిగ్గా నెత్తి మీద ఒక చుక్క. నిలువు గీతలన్నీ పోయి ఆ చుక్కలో కలవాలి. అప్పుడే ఆ మనిషికి గోడలు ఇంకా పైకి లేచి ఆకాశంలోకి పోయినట్టు కనిపిస్తాయి. మనిషి అక్కడి నుంచి జరిగాడో, స్తంభాలు తూలడం మొదలుపెడతాయి. ఒక కప్పుకి ఒకే చుక్క, ఒక చుక్కకి ఒకే కన్ను.

నా షరతు కూడా ఒకటే. ఆ కన్ను నా కూతురిది కావాలి. ఫ్లమీనియా ఆ మఠంలోనే ఉందని నీకు గుర్తుందో లేదో. బలిపీఠం వెనక గోడ, గోడలో పెద్ద ఇనప జాలీ, జాలీ అవతల సన్యాసినుల కుర్చీలు. ప్రమాణం చేసి నాలుగేళ్లయింది, చచ్చేదాకా ఆ కుర్చీలోంచే ఆ కప్పుని చూస్తుంది. తండ్రి లేని ఇల్లు, చిత్రకారులు వచ్చిపోయే ఇల్లు, ఊరి నోళ్లు ఎలాంటివో నీకు తెలుసు. అందుకే చేర్చాను. ఆమె మాత్రం నాతో మాట్లాడడం మానేసింది. పదకొండు ఉత్తరాలు రాశాను, పదకొండూ విప్పకుండా తిరిగొచ్చాయి. గీతలైతే ఆమె చదవకుండా ఉండలేదు. నాకు ఒక్క మాట కావాలి ఆమె నోటి నుంచి, తిట్టైనా సరే.

కొలతలు పంపు. ఈసారి ఒక పేజీ చాలు.

ఒర్తెన్సియా


లూగో, 1694 ఫిబ్రవరి 20

అక్కకి,

నువ్వు పెట్టిన గడ్డి తిన్నాను. యాభై ఏళ్లొచ్చినా ఇంకా నన్ను రంగులు నూరే కుర్రాడిలాగే చూస్తావు. ఇక్కడ అందరూ నన్ను "మాస్టారూ" అంటారని తెలిస్తే నవ్వుతావేమో, అయినా అంటారు.

ఈ పనికి అండ బొల్దెరీని జమీందారు. పెద్ద చెయ్యి, పెద్ద పొట్ట, పెద్ద మనసు. వాళ్ల తాతలు ఈ చర్చి కట్టించారట. చర్చి నడిమధ్య నేలలో తన వంశం గుర్తు చెక్కిన గుండ్రటి ఎర్ర పాలరాయి పొదిగించాడు. దాని మీద నిలబడి తలెత్తితే స్వర్గం తెరుచుకోవాలంటాడు. నేను, "అయ్యా, ఆ రాయి మీద నిలబడితే జనం మీ గుర్తుని తొక్కినట్టే కదా" అన్నాను నవ్వుతూ. ఆయన నవ్వలేదు.

అయినా నువ్వు అడిగావు కాబట్టి నీ మాటే ఖాయం. చుక్క మన పిల్ల నెత్తినే. జాలీ దగ్గరికి పోయి కొలతలు తీయించాను. కంటి నుంచి ఎడమ గోడకి ఇరవై రెండడుగులు, కుడి గోడకి ఇరవై రెండు. తలుపు గోడకి నలభై ఒకటి, పీఠం గోడకి నలభై ఒకటి. కప్పు ఎత్తు నలభై. అన్నీ బొలొన్యా అడుగులే, ఊరూరి అడుగులు కలిపేసే మనిషిని కాను.

ఇక్కడ ఈల్ చేపలు బాగున్నాయి. నిన్న రెండు తిన్నాను.

నీ తమ్ముడు ఎర్కొలె


బొలొన్యా, 1694 ఫిబ్రవరి 27

ఎర్కొలెకి,

అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు. నీకు అదీ చేతకాదు.

ఎడమకీ కుడికీ సమానం, ముందుకీ వెనక్కీ సమానం. నా కూతురు సన్యాసినా, చర్చి మధ్యలో గొలుసుకి వేలాడే దీపమా? అంకెలు చూసుకోకుండా అబద్ధాలు రాసేవాడివి ఈ వృత్తిలోకి ఎందుకొచ్చావురా? నువ్వు కొలిచింది నీ జమీందారు పొట్ట నిలబడే ఎర్రరాయిని. అక్కడి నుంచి కొలతలు తీసి కింద నా కూతురి పేరు రాశావు. ఆ చర్చిని నేను చూడలేదనుకున్నావా? పిల్ల ప్రమాణం రోజున అక్కడ మూడు గంటలు నిలబడ్డాను. అందరూ ఏడుస్తుంటే నేను కప్పుని చూస్తూ నిలబడ్డాను, ఎందుకంటే జాలీ వైపు చూడలేకపోయాను.

ఆ రాయి మీద ఏడాదికి ఎన్నిసార్లు నిలబడతాడు ఆ మహానుభావుడు? ఈస్టరుకి ఒకసారి, క్రిస్మస్‌కి ఒకసారి, మధ్యలో ఎవరైనా చస్తే మరోసారి. నా పిల్ల ఆ కుర్చీలో రోజుకి ఏడుసార్లు ప్రార్థనకి కూర్చుంటుంది.

కుర్చీ ఎన్నోదో, జాలీకి ఎంత దూరంలో ఉందో, కూర్చుంటే కన్ను ఎంత ఎత్తులో ఉంటుందో రాయి. లోపలికి నిన్ను రానివ్వరు. ఎవరినైనా అడిగి దారంతో కొలిపించు. అది కూడా ఈల్ చేపలు అరిగాకే.

ఒర్తెన్సియా


లూగో, 1694 మార్చి 14

అక్కకి,

దొరికిపోయాను, ఒప్పుకుంటున్నాను. నీకు కోపం రావడం సబబే. కానీ నా గోడు కూడా విను.

జమీందారుకి చుక్క తన రాయి మీద కావాలి. లేదంటే ఫెర్రారా నుంచి మరొకణ్ని పిలిపిస్తాడు. వాడు అప్పుడే ఇద్దరు కొడుకుల్ని వెంటేసుకొచ్చి చర్చి చూసి పోయాడు. నాకు ఇది మొదటి పెద్ద పని, బహుశా చివరిది కూడా. మేఘాలు నింపేవాడిగా చచ్చిపోవాలని నాకు లేదు. ఇది నీ నుంచే నేర్చుకున్నాననుకో.

మధ్యేమార్గం ఒకటుంది. నాలుగు వైపులకీ నాలుగు చుక్కలు పెడదాం. ఇప్పుడు బొలొన్యాలో కుర్రాళ్లంతా అలాగే వేస్తున్నారు కదా, ఎవరెక్కడ నిలబడ్డా కొంచెం కొంచెం బాగుంటుంది.

పిల్లని చూద్దామని మఠంలో బయటివాళ్లతో మాట్లాడే గదికి వెళ్లాను. రాలేదు. గుమ్మం దగ్గర ఉండే ముసలి మెంగా వచ్చి, "ఆమెకి పనుందట బాబూ, మీ పని మీరు చూసుకోమంది" అని చెప్పింది. అంత పనేంటి ప్రార్థనల మధ్య? మఠాధికారిణి అయితే, "మా పిల్లలు తలెత్తి చూడకూడదు, కప్పు మీద ఏముంటే వాళ్లకెందుకు" అంది. నీ పంతం ఎంత దండగో ఆలోచించు.

మెంగా చేత దారం వేయించాను, నీ తిట్లకి భయపడి. లోపల వయసుతో పని లేదట, ప్రమాణం చేసిన ఏడాదిని బట్టి వరస. మన పిల్లది ఎడమ వరసలో తొమ్మిదో కుర్చీ. జాలీకి పదకొండడుగుల వెనక. కూర్చుంటే కన్ను నేలకి మూడున్నర అడుగులు. పొడుగు తగ్గలేదన్నమాట.

చుక్క రాయి మీదే పెట్టు అక్కా, చేతులు జోడించి అడుగుతున్నాను.

ఎర్కొలె


బొలొన్యా, 1694 ఏప్రిల్ 30

ఎర్కొలెకి,

బండి మీద రెండు పెట్టెలు వస్తాయి. అందులో అరవై నాలుగు కాగితాలు, అంకెలు వేసి ఉన్నాయి. అంకెల వరసలో కప్పుకి అంటించుకో. గీతల మీద సూదితో బెజ్జాలు నేనే పొడిచాను, నువ్వు బొగ్గుపొడి మూట అద్దుకుంటూ పోతే చాలు, గీత కప్పు మీద దిగుతుంది. ఒక్క గీత కూడా నీ బుద్ధితో సవరించకు.

నాలుగు చుక్కల గురించి ఒక్క మాట. అందరినీ కొంచెం కొంచెం మెప్పించే కప్పు నా చేతి నుంచి రాదు. అలాంటివి వేసే కుర్రాళ్లు మన వీధి చివరే ఉన్నారు, సత్రాల కప్పులు వాళ్లకి బాగా నప్పుతాయి.

నువ్వు పంపిన కొలతలన్నీ లెక్కలోకి తీసుకున్నాను. జమీందారుకి నా నమస్కారాలు చెప్పు.

ఒర్తెన్సియా


లూగో, 1694 ఆగస్టు 3

అక్కకి,

నీ నమస్కారాలు చెప్పాను, చాలా సంతోషించాడు. నువ్వింత మెత్తగా ఉత్తరం రాయడం నా జన్మలో చూడలేదు. జబ్బు చేయలేదు కదా?

పని సగం దాటింది. తడి మీదే రంగు వేయాల్సిన గచ్చు ఎండకి త్వరగా ఆరిపోతోంది, పొద్దున్నే ఐదింటికి ఎక్కుతున్నాం. దేవదూతలు ఎంత బాగా వచ్చాయో చెబితే నువ్వు పిర్రల మాటెత్తుతావు, చెప్పను.

రెండు సందేహాలున్నాయి. నలభై ఎనిమిదో కాగితం దాకా వచ్చాను, గీతలన్నీ కలిసే ఆ చుక్క ఇంకా కనిపించలేదు. మామూలుగా బావ కప్పు మధ్యలో మొదటి రోజే మేకు కొట్టించి దాని నుంచి దారాలు లాగేవాడు కదా. నా మేకు ఎక్కడ కొట్టాలి? రెండోది, స్తంభాలన్నీ ఒకే వైపు, పీఠం వైపు, పడుకున్నట్టున్నాయి. పలకల మీద వెల్లకిలా పడుకుని చూస్తున్నాను కాబట్టి అలా ఉందా? కింది నుంచి చూద్దామంటే మంచె పలకలు అడ్డం. మంచె విప్పేదాకా ఎవరికీ ఏమీ కనిపించదు. మేస్త్రీ నన్ను అడుగుతున్నాడు, నేను తెలిసినట్టు తలాడిస్తున్నాను.

ఎర్కొలె


బొలొన్యా, 1694 ఆగస్టు 11

ఎర్కొలెకి,

మేకు అక్కర్లేదు. దగ్గర నుంచి చూస్తే ఏ కప్పైనా వంకరే, బల్దస్సారె వేసినవి కూడా. తలాడిస్తూ ఉండు, అది నీకు బాగా వచ్చిన పని.

ఒర్తెన్సియా


లూగో, 1694 నవంబర్ 13

ఒర్తెన్సియాకి,

అక్కా అని రాయబుద్ధి కావడం లేదు.

మొన్న సెయింట్ మార్టిన్ పండగ రోజున తెర తీశారు. మంచె ముందురోజు సాయంత్రమే విప్పారు, వెలుతురు లేదు, పైకి చూడలేదు. పొద్దున జమీందారు, భార్య, ఇద్దరు అల్లుళ్లు, ఊళ్లో పెద్దలందరూ వచ్చారు. జమీందారు తన రాయి మీద నిలబడి చేతులు చాపి తలెత్తాడు. ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు.

నేనూ చూశాను. ఇరవై స్తంభాలు, ఇరవైయ్యూ పీఠం వైపుకి పడిపోతున్నాయి, మునిగిపోయే ఓడ తెరచాప కొయ్యల్లాగా. జమీందారు భార్య నెమ్మదిగా నా దగ్గరికొచ్చి, "మాస్టారూ, మేము బయటికి వెళ్లిపోవడం మంచిదంటారా?" అని అడిగింది. ఆమె ఎగతాళికి అనలేదు, నిజంగానే భయపడింది. వెనక అల్లుడు నవ్వాడు, తరవాత చర్చంతా నవ్వింది. నవ్వనివాడు జమీందారు ఒక్కడే. "క్రిస్మస్ లోపల దీని మీద సున్నం కొట్టించండి" అన్నాడు, నాతో కాదు, మేస్త్రీతో.

అప్పుడు అర్థమైంది మేకు ఎందుకు అక్కర్లేదో. ఆ చుక్క నా కప్పు మీద లేనే లేదు. గోడ దాటి, జాలీ దాటి, లోపల ఎక్కడో ఆడవాళ్ల నెత్తిన ఉంది. నువ్వు అబద్ధం కూడా రాయలేదు, "కొలతలన్నీ లెక్కలోకి తీసుకున్నాను" అన్నావు. తీసుకున్నావు, తొమ్మిదో కుర్చీ కొలత తీసుకున్నావు. సొంత తమ్ముణ్ని ఊరి ముందు కోతిని చేశావు. ఫెర్రారా వాడికి ఈపాటికి కబురు వెళ్లే ఉంటుంది. ఇక ఈ దేశంలో నన్ను చేపల దుకాణం బోర్డు కూడా ఎవరూ వేయమనరు. ఏ జన్మలో నీకేం ద్రోహం చేశాను?

ఇంతటితో ముగించాలనుకున్నాను. కానీ ఒకటి చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు.

నిన్న సామాను సర్దుకుంటుంటే మెంగా వచ్చి, "మాట్లాడే గదికి రమ్మంటోంది బాబూ" అంది. ఎవరని అడిగాను. "ఎవరేంటి, మీ మేనకోడలు" అంది. వెళ్లాను. రెండు వరసల జాలీ, దాని వెనక నల్ల గుడ్డ. మనిషి కనిపించలేదు కానీ గొంతు ఫ్లమీనియాదే. బాగున్నావా మామయ్యా అని కూడా అనలేదు.

"ఇది అమ్మ గీసిందే కదూ?" అంది.

అవునన్నాను.

"తొమ్మిదో కుర్చీకి గీసింది. సెప్టెంబర్‌లో సిస్టర్ జెల్త్రూద పోయింది. ఒకరు పోతే కింది వాళ్లందరూ ఒక్కో కుర్చీ పైకి జరుగుతారు. నేను ఇప్పుడు ఎనిమిదిలో ఉన్నాను. నా కుర్చీలోంచి ప్రతి స్తంభమూ జానెడు పక్కకి ఒరిగి ఉంది. తప్పు. అమ్మకి చెప్పు, తప్పని."

తొమ్మిదిలో ఎవరున్నారని అడిగాను. సిస్టర్ ప్లాచిదా అట. అరవయ్యేళ్లకి చేరిన వితంతువు, రెండు కళ్లకీ పొరలు, సగం ప్రార్థన నిద్రలోనే గడుపుతుందట. నువ్వు నా బతుకు పెట్టి కట్టిన స్వర్గం ఈ భూమ్మీద ఆ ఒక్క మనిషికే నిటారుగా ఉంది. ఆమెకి కనిపించదు.

తగిన శాస్తి జరిగిందనుకుంటున్నాను.

ఎర్కొలె


బొలొన్యా, 1694 నవంబర్ 19

ఎర్కొలెకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నీ ఏడుపు ఉన్న భాగం ఒక్కసారే చదివాను. నీకు అన్యాయం చేశాను, అది నిజం. సున్నం కొట్టినవాడికి నీ పేరు గుర్తుండదు, ఫెర్రారా వాడూ రెండేళ్లలో అంతకన్నా చెత్త వేస్తాడు, అప్పుడు నీదే నయమంటారు. ఇంతకన్నా ఓదార్చడం నాకు రాదు.

ఒక్కో చావుకి మిగతావాళ్లు ఒక్కో కుర్చీ పైకి జరుగుతారని నువ్వు నాకెందుకు రాయలేదు? నీకు తెలియదంటావు. ఎప్పుడైనా ఏదైనా తెలుసుకున్నావా? మఠంలో ముసలాళ్లు చస్తారని నాకైనా తట్టి ఉండాల్సింది. కూతురు చచ్చేదాకా ఒకే కుర్చీలో కూర్చుంటుందని లెక్కేశాను. నలభై ఏళ్లుగా జనం కళ్లని మేకుతో కొట్టి ఒకే చోట బిగించడమే నా పని, మనుషులు లేచి జరుగుతారని ఎవరైనా చెబితే నవ్వేదాన్ని.

అయితే జానెడు ఒరగదు. ఒక కుర్చీ వెడల్పుకి, ఆ ఎత్తుకి, బెత్తెడు ఒరుగుతుంది. రాత్రి మళ్లీ వేసి చూశాను, బెత్తెడే.

ఇప్పుడు నువ్వు నా కోసం ఒక పని చెయ్యి. నువ్వు చెయ్యకపోయినా నేను అనడానికేమీ లేదు. మాట్లాడే గదికి వెళ్లి ఆమెకి నేను చెప్పినట్టు చెప్పు, నీ నగిషీలు చేర్చకు.

ఊరి నోళ్లకి జడిసి మఠంలో చేర్చానని నీకు రాశాను, అందరికీ అదే చెప్పాను. అది నిజం కాదు. బల్దస్సారె పోయిన నెలకి మేస్త్రీలు వచ్చి కూర్చున్నప్పుడు నేను గీసిన మెట్ల వరస బల్ల మీద పరిచాను. పదిహేడేళ్ల పిల్ల వచ్చి నా గీత మీద గోరు పెట్టి, "అమ్మా, ఇది కలవాల్సిన చోట కలవడం లేదు" అంది. మేస్త్రీలు ఆమె వైపు తిరిగారు. నిజంగానే కలవలేదు. రెండు నెలల్లో ఆమెని మఠంలో చేర్చాను. ఇంట్లో ఉంచుకుని ఉంటే ఇవాళ ఆ కప్పు ఆమే గీసేది, నాకన్నా బాగా గీసేది. ఈ మాట నోటితో అనడానికి నాకు ఐదేళ్లు పట్టింది, అదీ నీ నోటితో అనిపిస్తున్నాను.

తప్పని చెప్పమంది కదా. తప్పేనని చెప్పు. కప్పు సంగతి కాదని ఆమెకి తెలుస్తుంది. తెలియకపోతే మెట్ల గురించి చెప్పు.

బెత్తెడు సంగతి కూడా చెప్పు.

ఒర్తెన్సియా


లూగో, 1694 నవంబర్ 27

అక్కకి,

వెళ్లకూడదనే అనుకున్నాను. మూడు రోజులు సత్రంలో కూర్చుని నిన్ను తిట్టుకుని నాలుగో రోజు వెళ్లాను. నేనంతే, ఎవరు ఏం చెప్పినా తలాడిస్తాను, నువ్వే అన్నావు.

నల్ల గుడ్డ వెనక ఆమె కూర్చున్న చప్పుడు విని నీ ఉత్తరంలోని ఆ ముక్క చదివాను. చెప్పడం నాకు చేతకాలేదు, అందుకే చదివాను. మెట్ల సంగతి దాకా వచ్చి ఆగాను. లేచి వెళ్లిపోయిందేమోనని, "అమ్మా ఫ్లమీనియా" అన్నాను. "ఉన్నాను మామయ్యా, చదువు" అంది. అంతా చదివాను. బెత్తెడు దగ్గరికొచ్చేసరికి ముక్కుతో చిన్నగా ఒక శబ్దం చేసింది. అది నాకు బాగా తెలిసిన శబ్దమే అక్కా, నువ్వు నా బొమ్మలు చూసి చేసే శబ్దం. తరవాత గంట కొట్టారు, వెళ్లిపోయింది.

ఇవాళ పొద్దున మఠం గోడలో, లోపలి వస్తువులు బయటికి అందించే తిరిగే పెట్టెలో నా పేరు మీద చిన్న పొట్లం వచ్చింది. అందులో రెండు చివర్లా ముడేసిన దారం. మెంగా ద్వారా కబురు: "బెత్తెడు కాదు, జానెడు. ఎనిమిదో కుర్చీలో కూర్చుని జాలీ ఊచకి దారం పట్టి, తరవాత మళ్లీ లెక్కేసి కొలిచాను. అమ్మకి నమ్మకం లేకపోతే వచ్చి కొలుచుకోమను." దారం ఈ ఉత్తరంలోనే పెట్టాను. పారేసుకోకు, పొట్లం తెరిచినప్పుడే ఒకసారి జారి కింద పడింది.

సున్నం వాళ్లు డిసెంబర్ పన్నెండున వస్తారు. మేస్త్రీని బతిమాలి, ఒక పీపా వైను తాగించి, అంతకు ముందు రానివ్వకుండా ఆపాను. నువ్వొస్తే చలికి మోకాలికి ఉన్నిగుడ్డ చుట్టుకుని రా. నీ మోకాలు ఎలా ఉందో ఇంతకాలం అడగలేదు.

తమ్ముడు ఎర్కొలె


బొలొన్యా, 1694 డిసెంబర్ 2

తమ్ముడికి,

దారం అందింది. బల్ల మీద పరిచి నా చేత్తో కొలిచాను. జానెడుకి రెండు వేళ్లు తక్కువే ఉంది. అయితే నా చెయ్యి పెద్దది, ఆమెది వాళ్ల నాన్న చెయ్యి, సన్నం. ఐదేళ్లలో మారిందో లేదో నాకు తెలియదు.

శనివారం బండికి వస్తున్నాను. నీ సత్రంలో నాకొక గది చెప్పు, మేడ మీదది వద్దు, మెట్లు ఎక్కలేను. నన్ను లోపలికి రానివ్వరు, ఎనిమిదో కుర్చీలో నేను కూర్చోలేను. నేను నిలబడే చోటి నుంచి నా స్తంభాలన్నీ పడిపోతూనే కనిపిస్తాయి, జమీందారుకి కనిపించినట్టే. వంకర ఎంతో జాలీ అవతల నుంచి ఆమే చెప్పాలి. ఆమె జానెడంటే జానెడే.

ఒర్తెన్సియా